బీరుకు గింజలు నానబెట్టడానికి వాటర్ కూలర్ చాలు: ఏళ్ల వాడకం తర్వాత నా రివ్యూ

రెడీమేడ్ మాల్ట్ సిరప్ మానేసి మాల్ట్ గింజలతో (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) బీరు కాద్దామనుకునే ప్రతి ఒక్కరికీ వచ్చే మొదటి డౌట్, గింజల్ని వేడినీళ్లలో నానబెట్టే ఎలక్ట్రిక్ మెషీన్ కొనాలా అని. అక్కర్లేదు. అమెరికాలో కన్‌స్ట్రక్షన్ సైట్ల దగ్గర కనబడే పది గ్యాలన్ల గుండ్రటి వాటర్ కూలర్, అందులో పట్టే సన్నటి నైలాన్ వల సంచి, పెద్ద స్టీలు గిన్నె, మంచి డిజిటల్ థర్మామీటర్. ఒహాయోలో మా గరాజ్‌లో ఏళ్లుగా వీటితోనే కాస్తున్నాను.

ఐదు గ్యాలన్ల బీరుకు పది పౌండ్ల బార్లీ మాల్ట్, నాలుగు గ్యాలన్ల నీళ్లు తీసుకుంటాను. ముందు కూలర్‌లో వేడినీళ్లు పోసి కాసేపుంచి పారబోసి, తర్వాత అసలు నీళ్లు 163 ఫారెన్‌హీట్‌లో పోస్తే, గింజలు పడ్డాక దాదాపు 152 దగ్గర ఆగుతుంది. ఉప్మాలో రవ్వ పోసినట్టు ఒక చేత్తో పోస్తూ ఇంకో చేత్తో కలపాలి, లేదంటే ఉండ కట్టి లోపల పిండి పొడిగానే మిగిలిపోతుంది. గంట మూత తియ్యకండి, గింజల్లోని పిండి చక్కెరగా మారేది ఈ వేడిలోనే. 148 దగ్గర ఉంచితే బీరు పల్చగా, చప్పరిస్తే తీపి లేకుండా వస్తుంది. 156 దాటితే ఈస్ట్ తినలేని చక్కెరలు ఎక్కువ మిగిలి చిక్కగా ఉంటుంది. అందుకే డబ్బులు పెట్టాల్సింది థర్మామీటర్ మీద, కూలర్ బ్రాండు మీద కాదు.

ఇంకోటి, గింజ మర. షాపులో పట్టించిన మాల్ట్‌లో సగం గింజలు పగలకుండానే ఉండేవి, చక్కెర సరిగా దిగేది కాదు. రెండు రోలర్ల చిన్న మర కొని, మరీ పిండి కాకుండా సన్న నూకలా పట్టడం మొదలుపెట్టాక తేడా బాగా తెలిసింది. సంచి ఉంది కాబట్టి సన్నగా పట్టినా ట్యాప్ మూసుకుపోదు. సంచి పిండితే వగరు వస్తుందంటారు గానీ నేను ఎప్పుడూ గట్టిగానే పిండుతాను, నాకైతే రాలేదు. వగరు తెచ్చేది, నానాక గింజల్లో మిగిలిన చక్కెర కోసం వాటిని కడిగే నీళ్లు 170 దాటడం, పీహెచ్ 6 దాకా పోవడం. మా నీళ్లు కాస్త గట్టివి (హార్డ్ వాటర్), అందుకే లేత రంగు బీరుకు పీహెచ్ తగ్గడానికి కొంచెం లాక్టిక్ యాసిడ్ వేస్తాను, నల్లమాల్ట్ వేసే స్టౌట్‌కు (నల్ల బీరు) ఆ టెన్షన్ లేదు.

ఇంట్లో సోనా మసూరి ఎలాగూ ఉంటుంది కదా, ఓ పౌండు జావలా వండి కలిపితే బీరు తేలిగ్గా, క్రిస్ప్‌గా వస్తుంది. పచ్చి బియ్యం మాత్రం పనికిరాదు, అందులోని పిండి మెత్తబడటానికి ఈ వేడి చాలదు, బార్లీ ఎంజైములు దాన్ని చక్కెరగా మార్చలేవు.

ఇక చిరాకులు. కూలర్ మూత లోపల డొల్ల, పైన పాత బొంత కప్పాల్సిందే; నిండా ఉంటే గంటలో రెండు డిగ్రీలు తగ్గుతుంది, సగమే ఉంటే ఇంకా ఎక్కువ. దాంతో వచ్చిన ప్లాస్టిక్ ట్యాప్ వాషర్ దగ్గర కారితే తీసేసి స్టీలు వాల్వ్ పెట్టాను. తడిసిన సంచి బరువు నడుము విరగ్గొడుతుంది, పైకప్పుకు చిన్న కప్పీ వేలాడదీసుకోండి. మధ్యలో వేడి పెంచాలంటే మరుగుతున్న నీళ్లు పోయడం తప్ప దారి లేదు, వేడిని మెట్లు మెట్లుగా పెంచుతూ నానబెట్టే సరదా ఉన్నవాళ్లు మెషీనే కొనుక్కోండి.

ఇదంతా అమెరికాలో ఉన్నవాళ్లకే. ఇక్కడ 1978 ఫెడరల్ చట్టం తర్వాత ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్ల దాకా పన్ను లేకుండా కాచుకోవచ్చు, అమ్మకూడదు. మన ఊళ్లో లైసెన్సు లేకుండా కాస్తే ఎక్సైజ్ కేసే.