వాలు చెలకలో వట్టివేరు కంచె: ఏళ్ల తరబడి వాడాక నా మాట

ఉండేది ఎల్బీనగర్‌లో, చెలక సాగర్ రోడ్డులో యాచారం వైపు. ఎర్రనేల, 3 శాతం దాకా వాలు. గట్లు పోయించడం మానేసి, వాలుకు అడ్డంగా వట్టివేరు గడ్డిని వరుసలుగా నాటించి కంచె వేయించి చాలా ఏళ్లయింది. చూసినవాళ్లంతా అడిగేది ఒకటే, దిగుబడి పెరిగిందా అని. కంచె ఒక్కదానితో పెరగదు. మట్టి మాత్రం నిలుస్తుంది.

గట్టు నీళ్లను ఆపేస్తుంది. పెద్ద వానకు ఆగిన నీళ్లు ఎక్కడో ఒకచోట పొర్లి గండి పెడతాయి, ఆ గండి కింద చేను వాగైపోతుంది. వట్టివేరు ఆపదు, నీళ్ల జోరు తగ్గిస్తుందంతే. కుదుళ్ల సందుల్లోంచి నీళ్లు జారిపోతాయి, ఒండ్రు ఎగువనే దిగబడుతుంది. 2020 అక్టోబరు 13 రాత్రి హైదరాబాద్‌ను ముంచిన వాన మా వైపూ దంచింది. చుట్టుపక్కల గట్లు తెగాయి. మా కంచె పడుకుంది, మళ్లీ లేచింది. ఇప్పుడు ప్రతి వరుస వెనకా మట్టి పేరుకుని చేను మెట్లు కట్టినట్టుంది.

ఎత్తు మీటరు తగ్గినచోటల్లా ఒక వరుస వేశాం. అంటే 3 శాతం వాలుకు సుమారు 33 మీటర్లకొకటి. వరుస పొడవునా ఒకే మట్టం ఉండేలా చూడటానికి మేస్త్రీల నీళ్ల పైపు చాలు. పిలకకూ పిలకకూ జానెడు కూడా ఎడం ఉండకూడదు, సందు దొరికితే నీళ్లన్నీ అక్కడే దూరి కోసేస్తాయి. పిలకలు ఒకసారి కొంటే తర్వాతి వరుసలకు మన కుదుళ్లే చీల్చుకోవచ్చు. విత్తనంతో పాకే రకం కాదు కాబట్టి కలుపు భయం లేదు.

వరుస వాలును బట్టి వంకర పోతుంది. ట్రాక్టరు డ్రైవర్లకు అదే గిట్టదు, పైనుంచి కిందికి తిన్నగా దున్నేస్తామంటారు. దగ్గర నిలబడి అడ్డంగా దున్నించుకోవాల్సిందే.

దిగుబడి సంగతి ఈ అడ్డం దుక్కి దగ్గరే తేలింది. అడ్డంగా విత్తి, కంది వరుసల మధ్య నాగలితో లోతు సాళ్లు తీయడం మొదలుపెట్టాకే తేడా కనబడింది. ఆగస్టులో వాన ముఖం చాటేసినప్పుడు మా కంది ఇంకొన్నాళ్లు వాడిపోకుండా నిలబడుతుంది. వానలు సమంగా పడిన ఏడు మాత్రం పక్క చేనికీ మా చేనికీ చెప్పుకోదగ్గ తేడా ఉండదు. దగ్గర్లోనే గున్‌గల్‌లో క్రిడా (కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ) పరిశోధన క్షేత్రం ఉంది. ఈ సాళ్లు, గట్ల మీద గిరిపుష్పం (గ్లిరిసిడియా) చెట్లు పెంచి రొట్ట చేలో వేయడం, రెండూ క్రిడావాళ్లు ఎప్పటినుంచో చెబుతున్నవే. రొట్ట వేసినచోట వాన వెలిశాక నేల పైన పెచ్చు కట్టడం తగ్గింది.

చిరాకులూ ఉన్నాయి. మొదటి ఎండాకాలం నీళ్లు పోసి బతికించుకోవాలి. లేత ఆకును మేకలు వదలవు. ఏటా మోకాలెత్తుకు కోయకపోతే పక్క సాలు మీద నీడ పడుతుంది. కోసినా ఆ సాలు కంది కాస్త గిడసబారే ఉంటుంది. వేళ్లు కూలర్ తడకలకు అమ్ముకోవచ్చుగా అని సిటీ మిత్రులు సలహా ఇస్తుంటారు. వేళ్లు తవ్వితే ఇక కంచె ఏది?

వాలు ఒక శాతం లోపుంటే దీనికి డబ్బు పెట్టొద్దు, అడ్డం దుక్కి సరిపోతుంది. అంతకు మించిన ఎర్ర చెలకైతే వేయండి. నాటేది తొలకరి తర్వాత, నేల బాగా తడిశాకే.