పాత జీపు వ్యాన్‌కు 4.27 క్రౌన్-పినియన్: సాలూరు ఘాట్‌లో ఏళ్ల తరబడి వాడాక

ఒడిశాలోని సెమిలిగూడ, కుందులి సంతల నుంచి అల్లం, కూరగాయలు ఎత్తుకుని సాలూరు మీదుగా విజయనగరం దాకా దింపే బండి మాది. పాత మహీంద్రా జీపు, టూ వీల్ డ్రైవ్, 2523 సీసీ డీఐ ఇంజన్, నాలుగు గేర్లు. వెనక వ్యాన్ బాడీ సాలూరులోనే కట్టించాం. డిఫరెన్షియల్‌లో (ఇంజన్ తిప్పుడును వెనక చక్రాలు రెండింటికీ పంచే భాగం) క్రౌన్-పినియన్, అంటే పెద్దా చిన్నా పళ్ల చక్రాల జత మార్చి, బండి చక్రాలు మార్చి కొన్నేళ్లయింది. మార్చిన కొత్తలో ఏదైనా బాగానే ఉంటుంది. అందుకే ఇన్నాళ్లు ఆగి రాస్తున్నా.

ముందు చక్రాల సంగతి. పాత డిస్కులు తుప్పు పట్టి వంకరపోయాయి. సెకండ్ హ్యాండ్ చక్రాలు అమ్మే ఒకాయన "ఐదు నట్లే కదా బాబూ, ఇన్నోవావి తీసుకో, సరిపోతాయి" అన్నాడు. సరిపోవు. స్టడ్లు (నట్లు బిగించే మర కడ్డీలు) ఐదే అయినా అవి కూర్చున్న వలయం కొలత వేరు. జీపుది 139.7 మిల్లీమీటర్లు, అంటే అయిదున్నర అంగుళాలు. ఇన్నోవాది 114.3. నాలుగు, ఆరు స్టడ్ల బండ్లకు ఎదురెదురు స్టడ్ల మధ్య టేపు పెడితే చాలు. ఐదింటికి ఎదురుగా స్టడ్ ఉండదు. పక్కపక్క స్టడ్ల నడిమి దూరం కొలిచి 1.7తో గుణించాలి. నడిమధ్య ఎక్కడుందో కంటికి అందదు కాబట్టి ఒక స్టడ్ ఎడమ అంచు నుంచి పక్కదాని ఎడమ అంచుకు వెర్నియర్ పెట్టండి, అదే లెక్క వస్తుంది. జీపుకు 82 మిల్లీమీటర్ల చిల్లర వస్తుంది, ఇన్నోవాకు 67. కొట్టు ముందు నిలబడి రెండు నిమిషాల్లో తేలిపోయే పని. రంధ్రాలు సాగదీసి ఎక్కిస్తామనే వెల్డింగ్ వాళ్లూ ఉన్నారు. వాళ్ల దగ్గర టీ తాగి వచ్చేయండి. మేము జిప్సీ కొలత చక్రాలు వేశాం, అదీ 5×139.7. మధ్య రంధ్రం మా హబ్‌కు పడుతుందో లేదో పెట్టి చూసుకున్నాకే డబ్బులిచ్చాం.

ఇంకోటి. పాత విల్లీస్ వంశం జీపుల్లో ఎడమ వైపు చక్రాలకు ఎడమ మర ఉంటుంది, అంటే నట్టు విప్పడానికి మామూలుకు ఎదురు వైపు తిప్పాలి. స్టడ్ కొసన 'ఎల్' అని గుద్ది ఉంటుంది, గ్రీజు తుడిస్తే కనిపిస్తుంది. పంక్చర్ కొట్లో కుర్రాడికి ముందే చెప్పకపోతే పానా మీదెక్కి తొక్కి స్టడ్ విరిచేస్తాడు. మా బండికి రెండు విరిచారు.

ఇక డిఫరెన్షియల్. చక్రాలు ఒక చుట్టు తిరగడానికి ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి వెనక్కి వచ్చే కడ్డీ) ఎన్ని చుట్లు తిరగాలో అదే రేషియో; అంకె పెద్దదైతే లాగుడు ఎక్కువ, ఇంజన్ తిరగడమూ ఎక్కువ. మా యాక్సిల్ మీద అది రాసిన బిళ్ల ఎప్పుడో పోయింది. విప్పకుండా తెలుసుకోవడం ఇలా: గేరు న్యూట్రల్‌లో పెట్టి, వెనక ఒక చక్రం మాత్రం జాకీ మీద లేపి, నేల మీది చక్రానికి ముందూ వెనకా రాళ్లు పెట్టాలి. ప్రొపెల్లర్ షాఫ్ట్ మీద సుద్ద గీత గీసి, లేపిన చక్రాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పాలి (రెండో చక్రం కదలదు కాబట్టి ఒకటికి రెండు). షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగితే అదే రేషియో. మాది అయిదుం పావు దాటింది. విప్పాక పళ్లు లెక్కపెడితే క్రౌన్‌కు 43, పినియన్‌కు 8, అంటే 5.38. లాగుడుకు ఎదురులేదు గానీ, టాప్ గేర్లో 60 దాటితే ఇంజన్ అరుపుకు పక్కవాడి మాట వినపడేది కాదు.

విజయవాడ ఆటోనగర్ నుంచి 47/11 జత తెప్పించాం, అంటే 4.27. డానా 44 రకం యాక్సిల్‌లో దీనికి పాత కేసే (క్రౌన్ బిగించే గూడు) సరిపోతుంది. 3.73కి పోతే కేస్ కూడా మార్చాలి, పైగా ఘాట్ బండికి అది దండగ. క్రౌన్ మీదా పినియన్ మీదా జత నంబరు ఒకటే ఉందో లేదో చూడకుండా తీసుకోవద్దు. మా మేస్త్రి డయల్ గేజ్ పెట్టి బ్యాక్‌లాష్ (పళ్ల మధ్య వదులు) 0.15కూ 0.25 మిల్లీమీటర్లకూ మధ్య పట్టించాడు. పళ్లకు రంగు పూసి తిప్పి, మచ్చ పంటి నడుమన పడేదాకా షిమ్ములు (సర్దుబాటుకు వేసే పల్చటి బిళ్లలు) మారుస్తూనే ఉన్నాడు. పొద్దున మొదలుపెడితే దీపాలు పెట్టే వేళయింది. గంటలో బిగించి ఇచ్చేస్తానన్న చోట ఈ పని చేయించకండి. ఫోర్ వీల్ డ్రైవ్ అయితే ముందు యాక్సిల్‌కూ అదే రేషియో వేయాలి.

మైదానంలో ఫలితం బ్రహ్మాండం. మా టైర్లకు 60 మీద ఇంజన్ నిమిషానికి 2400 చుట్ల దగ్గర తిరిగేది, ఇప్పుడు 1900. సాలూరు దిగాక విజయనగరం దాకా బండి హాయిగా పోతుంది, డీజిల్ కూడా కలిసొచ్చింది. స్పీడోమీటర్ మాత్రం తక్కువ చూపిస్తుంది: ముల్లు 50 మీదుంటే బండి 63లో ఉన్నట్టు.

ఘాట్ లెక్క వేరు. సుంకి వైపు ఎక్కేటప్పుడు ఇదివరకు సెకండ్‌లో లాగిన మలుపులకు లోడుంటే ఇప్పుడు ఫస్ట్ వేయాల్సిందే. క్లచ్ ప్లేట్ త్వరగా అరుగుతోంది. అయినా ఎక్కడం ఓపికతో అయిపోతుంది, టెన్షనంతా దిగడంలోనే. అల్లం బస్తాలతో దిగేటప్పుడు సెకండ్ గేర్లో ఇంజన్ పట్టు మునుపటంత లేదు. బ్రేకు మీద కాలు ఎక్కువసేపు ఉంటోంది, డ్రమ్ముల దగ్గర వాసన వస్తోంది. కాబట్టి పైనుంచే ఫస్ట్‌లో దింపుతున్నాం, వెనక లారీ హారన్ కొట్టినా సరే. పొట్టంగి, సెమిలిగూడ మధ్యే తిరిగే బండికి 4.27 వద్దని నా మాట. 39/8 జత, అంటే 4.88 చాలు. సగం దారి మైదానంలో ఉన్నవాళ్లకే 4.27.

వానాకాలం సంత బురదలో ఒక చక్రం గిర్రున తిరగడం మాత్రం రేషియో మార్చినా పోలేదు, పోదు కూడా. స్పైడర్ గేర్లు (రెండు చక్రాలను వేరువేరు వేగాలతో తిరగనిచ్చే లోపలి గేర్లు) వెల్డింగ్ చేస్తే రెండూ కలిసి తిరుగుతాయని సలహా ఇచ్చేవాళ్లున్నారు. తారు రోడ్డు మలుపులో చక్రాలు రెండూ ఒకే వేగంతో తిరిగితే టైరు కోసుకుపోతుంది, షాఫ్ట్ విరుగుతుంది. అవసరమైనప్పుడే తనంతట తాను పట్టుకునే లాకింగ్ డిఫరెన్షియల్ 2015 థార్‌లో వచ్చింది, కానీ మా బండి ధరకు అది మించిన మాట. సంచిలో ఇసుక, ఒక పలక పెట్టుకుని తిరుగుతున్నాం.

డిఫరెన్షియల్‌లో ఈపీ 90 గేర్ ఆయిల్ పోస్తున్నాం. కొత్త జత వేశాక మొదటి ఆయిల్ తొందరగా దింపేస్తే మంచిది, మాకు అందులో వెండి పొడిలా ఇనుము కనిపించింది. ఈ మధ్య యాక్సిలరేటర్ వదిలినప్పుడు మాత్రం సన్నగా కూత వస్తోంది. తొక్కితే లేదు. మేస్త్రి పినియన్ బేరింగ్ అంటున్నాడు. కొత్త అల్లం సంతకు వచ్చేలోపు విప్పించాలి. పళ్లు బాగుంటే బేరింగులూ సీలూ మార్చి ఇదే జత నడిపిస్తాం.