కాన్హా వెళ్తున్నారా? ముందు గేటు, తర్వాతే గది

పులుల అడవి అనగానే మా వైజాగ్‌వాళ్లు చాలామంది మహారాష్ట్రలోని తడోబా పేరే చెబుతారు. మేం మధ్యప్రదేశ్‌లోని కాన్హా ఎంచుకున్నాం. పోర్టులో రిటైరైన మా మామయ్యగారికి మోకాళ్ల నొప్పులు. మన ఇందిరాగాంధీ జూలో పులిని చూసినప్పుడల్లా "ఇది అడవిలో ఎలా తిరుగుతుందమ్మా?" అని అడుగుతూ పెరిగింది మా అమ్మాయి. ఇద్దరికీ సరిపడే ప్రయాణం కావాలి. కాన్హా అయితే రైలు మారకుండా చాలా దూరం వెళ్లిపోవచ్చు. ఉదయం విశాఖలో సమతా ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పార్వతీపురం, రాయగడ, రాయపూర్ మీదుగా రాత్రికి మహారాష్ట్రలోని గోండియాలో దిగుతాం. అక్కడే ఏదో ఒక లాడ్జిలో పడుకుని, తెల్లారాక కారు మాట్లాడుకోవడం మేలు. బాలాఘాట్, బైహర్ మీదుగా ముక్కీ గేటుకి మూడు గంటలు పైనే పడుతుంది. చివర్లో దారి బాగా అడవి పట్టు, పెద్దవాళ్లతో రాత్రిపూట ఆ రోడ్డు వద్దు.

కాన్హాకి ఒక్క గేటు కాదు. మండ్లా వైపు ఖటియా, బాలాఘాట్ వైపు ముక్కీ, ఇంకో పక్క సర్హీ. మనవాళ్లు చాలామంది స్విమ్మింగ్ పూల్ ఫోటో చూసి ముందు రిసార్టు బుక్ చేసేస్తారు. తీరా సఫారీ పర్మిట్ ఇంకో గేటు నుంచి దొరుకుతుంది. ఇక రోజూ తెల్లవారుజామున చలిలో గంటలకొద్దీ కారు ప్రయాణమే. అందుకే ఆన్‌లైన్‌లో నెలల ముందే పర్మిట్ తీసుకోండి, అది చేతికొచ్చాకే గది చూసుకోండి. బుధవారం మధ్యాహ్నం సఫారీ ఉండదు. జులై నుంచి సెప్టెంబరు దాకా కోర్ అడవి, అంటే లోపలి ప్రధాన భాగం, మూసేస్తారు. బుకింగ్‌లో ఏ గుర్తింపు కార్డు నంబరిచ్చారో దాని అసలు కార్డే గేటు దగ్గర చూపించాలి.

ముక్కీలో మధ్యప్రదేశ్ టూరిజం వాళ్ల లాడ్జి బంజర్ నది పక్కనే ఉంది. ఆడంబరం లేదు, శుభ్రంగా ఉంది, గేటు దగ్గర. మాకు కావలసింది అంతే. మిగతా రోజులు ఒక ప్రైవేటు రిసార్టులో ఉన్నాం. గది బాగుంది, జిప్సీలో (సఫారీకి వాడే ఓపెన్ జీపు) కాళ్ల మీద వేసుకోవడానికి దుప్పట్లు, వేడినీళ్ల బ్యాగులు ఇచ్చారు, మామయ్యగారు ఎక్కడానికి చిన్న స్టూలు కూడా తెచ్చిపెట్టారు. అంతా బాగానే ఉంది గానీ సాయంత్రం లాన్‌లో స్పీకర్లు పెట్టి పాటలు వేశారు. అడవి కంచె అవతలే ఉంది! మా ఆయన వెళ్లి చెబితే తగ్గించారు, మర్నాడు మళ్లీ అదే తంతు. ఇలాంటి చోట నేనైతే మళ్లీ దిగను. భోజనం మాత్రం దారిలో ఒక ఊరి ఇంట్లో తిన్నదే గుర్తుండిపోయింది. అరికల అన్నం, పప్పు, ఏదో ఆకుకూర. మేం తీసుకెళ్లిన ఆవకాయ వాళ్లకి పెడితే ఆ ఇంటావిడ కళ్లనీళ్లు పెట్టుకుంటూనే మళ్లీ వేసుకుంది.

ఇక అడవి. మొదటి సఫారీలో డ్రైవరు బండి తోలుతున్నాడా, ఎగరేస్తున్నాడా అన్నట్టుంది. వేరే బండివాళ్లు పులి కనబడిందంటే అటు, అలికిడి అంటే ఇటు. మామయ్యగారి నడుం పట్టేసింది. అసలు సంగతి ఆయనే కనిపెట్టారు. "పులి కనబడితే అంత ఇస్తాం, ఇంత ఇస్తాం అని అందరూ ఆశ పెడుతున్నారమ్మా, వాళ్లు మాత్రం ఏం చేస్తారు" అన్నారు. మర్నాడు గేటు దాటకముందే గైడుకీ డ్రైవరుకీ తనకొచ్చిన హిందీలో చెప్పేశారు: పులి కనిపించినా కనిపించకపోయినా మేం ఇచ్చేది ఇంత, ఇప్పుడే తీసుకోండి, మెల్లగా తీసుకెళ్లండి. ఆ ఒక్క మాటతో మా యాత్ర మారిపోయింది.

ఆ గైడు దగ్గర్లోని గోండు గిరిజనుల పల్లె అతను. సాల చెట్ల మధ్య మట్టి దారిలో బండి ఆపించి కిందకి చూపించాడు. పులి అడుగు, దాని మీద చుక్కల దుప్పి గిట్ట. అంటే పులి వెళ్లిపోయాకే దుప్పులు ఇటు నడిచాయి, ఇప్పుడు కంగారు పడాల్సిన పని లేదని చెప్పాడు. చుక్కల దుప్పి ఊరికే కూడా బెదురుతుందట. కణితి (సాంబార్ అనే పెద్ద దుప్పి) అరిచిందంటే మాత్రం చెవి పెట్టాలట. ఇంజిన్ ఆపి వింటుంటే కొండముచ్చు ఒకటి చెట్టు చివర నుంచి దగ్గినట్టు అరిచింది. మా అమ్మాయి ఊపిరి బిగబట్టి నా చెయ్యి పట్టేసుకుంది.

కాన్హా అంటే నాకు ఇప్పుడు పులి కాదు, బారాసింగా. కొమ్ములకి దాదాపు పన్నెండు కొసలుండే ఈ దుప్పి జాతిలో గట్టినేల మీద బతికే రకం 1970 నాటికి కేవలం 66 మిగిలింది, అదీ ఇక్కడే. వేటకి, గడ్డిభూములు పోవడానికి బలైపోయింది. కంచె వేసి, లోపలికి పులి రాకుండా కాపాడి, పిల్లలు పెట్టనిచ్చి, గడ్డి మైదానాలు పెంచి మళ్లీ వందల్లోకి తెచ్చారు. ఇక్కడి నుంచి సాత్పురా అడవికి కూడా పంపారు. మేం వెళ్లింది డిసెంబరులో, వాటి జోడు కట్టే కాలం. ఒక పెద్ద మగది తల వంచి పొడుగు గడ్డిని కొమ్ములతో పెకలించి, అలాగే తలపాగా చుట్టుకున్నట్టు తల మీద మోసుకుంటూ మంచులో నడుచుకుంటూ పోయింది. ఆడవాటి ముందు దాని ఠీవి అది. ఆ మైదానాల్లో కొన్ని ఒకప్పుడు ఊళ్లు. గోండులనీ, బైగాలనే మరో గిరిజనులనీ తరలించాకే పొలాలు గడ్డిభూములయ్యాయి. అది చెబుతున్నప్పుడు గైడు గొంతు కాస్త మారింది. మేం ఆనందంగా చూసిన ఆ గడ్డి కింద ఎవరి ఇల్లు ఉండేదో అని నాకు చాలాసేపు అనిపించింది.

పులి కూడా కనిపించింది, మధ్యాహ్నం సఫారీలో. రోడ్డు దాటాలని పొదల్లోంచి వచ్చింది. అప్పటికే అటూ ఇటూ జిప్సీలు. ఎవరో లేచి నిలబడి అరుస్తున్నారు. పులి రెండడుగులు వేసింది, ఆగింది, వెనక్కి తిరిగింది. మా గైడు డ్రైవరుతో ఏదో అన్నాడు, మా బండి వెనక్కి జరిగింది. మిగతావాళ్లు ఆ ఖాళీలోకే దూరారు. నాకు నిజంగా ఏడుపొచ్చింది. దాని ఇంట్లో దానికే దారి లేకుండా చేశాం. దయచేసి వెళ్లేవాళ్లు మీ డ్రైవరుకి ముందే చెప్పండి, పులికి దారి వదిలి ఆపమని.

కాన్హా మైదానంలో శ్రవణ తాల్ అనే చెరువు ఉంది. దశరథుడి బాణం శ్రవణకుమారుడికి తగిలింది ఇక్కడేనని అక్కడివాళ్ల నమ్మకం. మామయ్యగారు బండిలోంచే దండం పెట్టుకున్నారు.

ఇంత దూరం ఎందుకు, మన నల్లమల లేదా అని అడుగుతారు. ఉంది. నాగార్జునసాగర్–శ్రీశైలం దేశంలోకెల్లా పెద్ద పులుల అభయారణ్యం. దోర్నాల దగ్గర తుమ్మలబైలులో సఫారీ, ఆత్మకూరు వైపు బైర్లూటిలో అటవీశాఖ బస ఉన్నాయి, చెంచులే దారి చూపిస్తారు. శ్రీశైలం దర్శనంతో కలుపుకోవచ్చు, ఖర్చు కాన్హా కన్నా తక్కువే. కానీ అది కొండలు, లోయలు, ఎండు అడవి. జంతువులు అంత సులువుగా కనబడవు. చిన్నపిల్లలు విసుగుపడతారు. అడవిని ఇష్టపడే పెద్దవాళ్లకైతే నేను దాన్నే ముందు చెబుతాను. పిల్లలకి మొదటి అడవి మాత్రం కాన్హానే.

వేసవిలో నీటిగుంటల దగ్గర జంతువులు బాగా కనిపిస్తాయని చెబుతారు గానీ, ఆ ఎండకి పెద్దవాళ్లు తట్టుకోలేరు. డిసెంబరు, జనవరిలో వెళ్తే మన వైజాగ్ స్వెట్టర్లు చాలవు. మంకీ క్యాపు, చేతులకి గ్లౌజులు, లోపల థర్మల్ తప్పనిసరి. ఓపెన్ జిప్సీలో మొదటి గంట వేళ్లు కొంకర్లు పోతాయి. ఎండ పైకొచ్చాక ఒకటొకటిగా విప్పుకుంటూ రావచ్చు.