చూడ్డానికేమీ లేని ఊరికి అమ్మతో: ఓయిజుమిలో ఒకటిన్నర రోజు

అమ్మ మూడు నెలల వీసా మీద పెద్దాపురం నుంచి టోక్యో వచ్చింది. మొదటి నెలలోనే అసకుసా గుడి, ఫూజీ కొండ, కమకురా బుద్ధుడు, నిక్కో అన్నీ అయిపోయాయి. నవంబరు వచ్చేసరికి విసుగొచ్చి, "ఎక్కడికెళ్లినా ఫొటోలు దిగేవాళ్లే గానీ ఊళ్లో మనుషులు కనబడట్లేదేంట్రా" అంది. ఆ మాట పట్టుకుని గున్మా ప్రిఫెక్చర్‌లోని ఓయిజుమికి ఒక శనివారం బయల్దేరాం.

ఈ ఊరు ఏ టూరు ప్యాకేజీలోనూ ఉండదు. గుడీ గోపురం, వేడినీటి బుగ్గలు ఏమీ లేవు. విస్తీర్ణం 18 చదరపు కిలోమీటర్లు, గున్మా మొత్తంలో అదే చిన్నది. జనాభా 41 వేల చిల్లర. కానీ అందులో దాదాపు ప్రతి ఐదుగురిలో ఒకరు విదేశీయులు. జపాన్ మొత్తం లెక్క చూస్తే 2024 చివరికి విదేశీయులు సుమారు 37 లక్షల 69 వేలు, అంటే నూటికి ముగ్గురు. మేం ఉండే నిషి కసాయిలో మనవాళ్లు గుంపుగా కనిపిస్తారు, నిజమే. 2000 ముందు వై2కే (కంప్యూటర్లలో 2000 సంవత్సరం తేదీల చిక్కు) పనులకొచ్చిన ఐటీ వాళ్లు, ఒటెమాచి ఆఫీసులకి ఒకే రైల్లో వెళ్లొచ్చని అక్కడ దిగారు. హామీదారు అడగని యూఆర్ (ప్రభుత్వ గృహ సంస్థ) అపార్ట్‌మెంట్లు దొరకడంతో స్థిరపడ్డారు. మాది ఆఫీసు వలస. ఓయిజుమిది ఫ్యాక్టరీ వలస. ఆ తేడా ఏంటో చూడాలని నాకు చాన్నాళ్లుగా ఉంది.

ప్రయాణం సంగతి ముందు చెప్తాను. అసకుసా నుంచి తోబు వాళ్ల ర్యోమో ఎక్స్‌ప్రెస్ ఎక్కితే గంటకి అటూ ఇటూగా తతెబయషి. ఇది ప్రైవేటు లైను కాబట్టి టూరిస్టులు కొనుక్కునే జేఆర్ రైలు పాస్ చెల్లదు. మా ముందు సీటు ఆస్ట్రేలియా జంట ఆ సంగతి తెలియక మళ్లీ టికెట్ కొనాల్సి వచ్చింది. తతెబయషిలో కొయిజుమి లైనుకి మారాలి. రెండు పెట్టెల బండి, ఒంటి పట్టాల దారి, పక్కన కోసేసిన వరి పొలాలు. అమ్మ కిటికీలోంచి చూసి "మన కాకినాడ కోటిపల్లి రైలుబస్సులా ఉందిరా" అంది. బండి గంటకి ఒకటే. ఎక్స్‌ప్రెస్ అందుకున్నామని సంబరపడి, తతెబయషి ప్లాట్‌ఫారం మీద నలభై నిమిషాలు చలిలో కూర్చున్నాం. రెండు రైళ్ల టైమింగులూ కలిపి చూసుకుని టికెట్ కొనండి, నాలా కాకుండా.

చివరి స్టేషను నిషి కొయిజుమి. దిగగానే బోర్డుల మీద జపనీస్‌తోపాటు పోర్చుగీసు. మాతో దిగినవాళ్లలో స్కూలు పిల్లలు పోగా, నలుగురు నేపాలీ కుర్రాళ్లు, ఇద్దరు పిల్లలతో ఒక బ్రెజిల్ అమ్మాయి. పోలికలు చూస్తే జపాన్ అమ్మాయే. పిల్లల మీద కేకలు మాత్రం పోర్చుగీసులో. "ఈ పిల్ల ఇక్కడి పిల్లేగా, ఆ భాషేంటి?" అని అమ్మ ఆశ్చర్యపోయింది.

దానికి సమాధానం చెప్పడానికి ఇజుమి ర్యొకుదో మంచి చోటు. పాత గూడ్సు రైలు దారిని ఎత్తేసి, చెట్లు పెంచి నడకదారి చేశారు. బెంచీలున్నాయి, బాత్రూములు శుభ్రంగా ఉన్నాయి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి మెట్ల బెడద లేదు. ఊళ్లో నాకు బాగా నచ్చింది ఇదే. ఇక్కడ యుద్ధకాలంలో నకజిమా విమానాల ఫ్యాక్టరీ ఉండేది. జీరో యుద్ధవిమానాలు చేశారు. యుద్ధం పోయాక కొన్నాళ్లు అమెరికా సైనికుల మకాం, తర్వాత సాన్యో ఫ్యాక్టరీ, ఇప్పుడు పానాసోనిక్. నకజిమా వారసులే ఇప్పటి సుబారు కార్ల కంపెనీ, వాళ్ల ప్లాంటూ ఇక్కడే. 1980ల చివర్లో ఇక్కడ పనివాళ్లు దొరకలేదు. 1990లో జపాన్ వలస చట్టం మార్చి, విదేశాల్లో పుట్టిన జపాన్ సంతతి వాళ్లకి, మూడో తరం దాకా, ఉండే హక్కూ పనిచేసే హక్కూ ఇచ్చింది. 1908లో కసతో మారు అనే ఓడలో 781 మంది కోబె రేవు నుంచి బ్రెజిల్ కాఫీ తోటలకి కూలీకి వెళ్లారు. ఆ తర్వాత ఇంకెందరో. వాళ్ల మనవలు ఇలా తిరిగొచ్చారన్నమాట.

"కూలీకెళ్లిన తాత ఊరికి మనవడు కూలీకొచ్చాడా!" అంది అమ్మ. దీన్ని జపనీస్‌లో దెకసెగి అంటారు, బ్రెజిల్ వాళ్లూ అదే మాట వాడతారు. కోనసీమ నుంచి కువైట్ వెళ్లినవాళ్ల ఇళ్లు చూసిన మనిషి కాబట్టి ఆమెకి ఇంకేం వివరించక్కర్లేకపోయింది. ఒక్క సంగతి మాత్రం నమ్మలేదు. 2008 మాంద్యంలో ఉద్యోగాలు పోయినప్పుడు, ప్రభుత్వం 2009లో పనిపోయిన ఒక్కొక్కరికీ 3 లక్షల యెన్‌లు, ఇంట్లో ఆధారపడ్డవాళ్లకి తలకి 2 లక్షలు ఇచ్చి వెనక్కి పంపింది. సుమారు 20 వేల మంది తీసుకుని వెళ్లారు. "పొమ్మనడానికి డబ్బులిచ్చారా?" అని రెండుసార్లు అడిగింది. అవును, అదే వీసా మీద మళ్లీ వెంటనే రావద్దనే షరతు మీద.

మధ్యాహ్నానికి తకారా సూపర్ మార్కెట్‌కి వెళ్లాం. ఊరికి ఎవరొచ్చినా అక్కడికే వెళ్తారు, వెళ్లాలి కూడా. బీన్స్ బస్తాలు, సాసేజీలు, గ్వరానా అనే బ్రెజిల్ కూల్‌డ్రింకు సీసాలు. మాంసం కౌంటరు ఒక గోడంత ఉంది. శనివారం అమ్మ నీసు ముట్టదు. ముక్కుకి చెంగు అడ్డుపెట్టుకుని వెనక వరసల్లోకి పోయింది. ఐదు నిమిషాల తర్వాత ఓ ప్యాకెట్ పట్టుకుని వచ్చి "ఇది కర్రపెండలం పిండిరా" అంది. వాసన చూసే చెప్పిందట. నిజమే, పోర్చుగీసులో పొల్విల్యో. చుట్టూ సగ్గుబియ్యం మిల్లులున్న ఊళ్లో పుట్టి పెరిగిన మనిషికి అట్టపెట్టె మీద భాష అడ్డం కాలేదు. అసలు కర్రపెండలం పుట్టిల్లే దక్షిణ అమెరికా. పక్క అరలో జీడిమామిడి పండు రసం సీసాలు. జీడిమామిడి కూడా బ్రెజిల్ నుంచి పోర్చుగీసు ఓడల్లో మన తీరానికి వచ్చిందే. మనం పప్పు తీసుకుని పండుని చాలామటుకు పారేస్తాం, వాళ్లు రసం తీసి సీసాల్లో పడతారు.

గల్లా దగ్గర అమ్మాయితో చిన్న ఆట ఆడాను. తువ్వాలు చూపిస్తే 'తొవాల్యా', బాల్చీ చూపిస్తే 'బావ్జీ' అంది. అల్మారా, మేస్త్రీ, ఇస్త్రీ కూడా మనకి వాళ్ల భాషలోంచి వచ్చినవే. అనాస దగ్గర ఓడిపోయాను. అది పోర్చుగల్ మాట, బ్రెజిల్‌లో అబకషీ అంటారు. జపాన్ వాళ్లు బ్రెడ్డుని 'పాన్' అనడం కూడా పోర్చుగీసు పుణ్యమే. వెనక వరస పెరుగుతోందని ఆ అమ్మాయి నవ్వుతూనే బిల్లు చేతిలో పెట్టింది.

తిండి విషయానికొస్తే, నీసు తినేవాళ్లకి ఈ ఊరు పండగే. నిప్పుల మీద కాల్చిన మాంసం వాసన వీధి చివరిదాకా వస్తుంది. శాకాహారులు జాగ్రత్త. వాళ్ల రాజ్మాలాంటి బీన్స్ కూర చూడ్డానికి అమాయకంగా ఉంటుంది గానీ, అందులో పంది మాంసం ముక్కలు వేస్తారు. మాకు దక్కినవి రెండే. ఒకటి, కజ్జికాయని సాగదీసినట్టుండే పస్తెల్, చీజ్ పెట్టింది. రెండోది కర్రపెండలం పిండి, చీజ్ కలిపి కాల్చిన చిన్న ఉండలు. ఇవి వేడిగా ఉన్నప్పుడే తినాలి, చల్లారితే రబ్బరు. అమ్మ నాలుగు తింది. వాటిలో గుడ్డు ఉంటుందన్న సంగతి ఆదివారం మధ్యాహ్నం వరకూ నేను చెప్పలేదు. చెప్పాక అరగంట మాట్లాడలేదు. చెరకు రసం నిమ్మకాయ పిండి ఇచ్చారు, గ్లాసు పెద్దది. ఇద్దరికీ కలిపి రెండు వేల యెన్‌లు కాలేదు, టోక్యో లెక్కలో తక్కువే.

సందుల్లోకి వెళ్తేనే అసలు ఊరు. ఫ్యాక్టరీ వాళ్ల రెండంతస్తుల అద్దె ఇళ్లు, బాల్కనీల్లో నీలం పని చొక్కాలు. చెత్త వేసే చోట ఏ రోజు ఏ చెత్తో నాలుగైదు భాషల్లో రాసి ఉంది. పోర్చుగీసు అక్షరాలు ఎండకి వెలిసిపోయాయి, పక్కన నేపాలీ కాగితం మాత్రం కొత్తది. బ్రెజిల్ వాళ్లు ఇప్పటికీ 4 వేలకి పైనే, కానీ కొత్తగా వచ్చేవాళ్లు నేపాల్, వియత్నాం వైపు నుంచి. టౌను మాత్రం తనని తాను బ్రెజిల్ టౌను అనే చెప్పుకుంటోంది. బోర్డుకీ సందుకీ మధ్య పదేళ్ల దూరం ఉందనిపించింది.

అక్కడే తుడుస్తున్న ఓ పెద్దాయన్ని కదిపాను. ముప్పై ఏళ్ల కిందట రాత్రి పాటల మోత మీద గొడవలు పడ్డామన్నాడు. ఇప్పుడు ఆయన బాధ వేరే. వీధి సంఘంలో చెత్త డ్యూటీ వంతులకి ముసలివాళ్లే మిగిలారు, కుర్ర అద్దెవాళ్లు రెండేళ్లకోసారి మారిపోతారు, నేర్పినవాళ్లు వెళ్లిపోతే మళ్లీ మొదట్నుంచి నేర్పాలి. ఎదురింటి బ్రెజిల్ ఆయన మాత్రం ఇరవై ఏళ్లుగా వంతు తప్పలేదట. "ఆయన నాకంటే స్ట్రిక్టు" అన్నాడు. మా నిషి కసాయిలో మెయింటెనెన్స్ కట్టేసి చేతులు దులుపుకునే మాకు ఈ వంతుల గోలే తెలియదు.

బడి సంగతి ఒక్కటి నన్ను బాగా తొలిచింది. జపాన్‌లో నిర్బంధ విద్య విదేశీయుల పిల్లలకి వర్తించదు. చేరతామంటే ప్రభుత్వ బడి చేర్చుకుంటుంది, చేరకపోతే చట్టం అడగదు. పోర్చుగీసులో చెప్పే ప్రైవేటు బడులున్నాయి, ఫీజు కట్టాలి. తిరిగెళ్తామనుకున్నవాళ్లు అక్కడ వేస్తారు. తీరా వెళ్లకపోతే పిల్లాడి జపనీస్ ఎటూ కాకుండా పోతుంది. మా అమ్మాయిని ఇండియన్ స్కూల్లో వేసినప్పుడు మేమూ సరిగ్గా ఈ లెక్కే వేశాం. మా జీతం ఆ తప్పుని కప్పేస్తుంది, అంతే.

రాత్రి బసకి ఓయిజుమిలో పెద్దగా ఏమీ లేవు. పక్కనే ఉన్న ఓటాలో ఒక బిజినెస్ హోటల్ తీసుకున్నాం. సుబారు ఊరు కాబట్టి వారం మధ్యలో ఇంజనీర్లతో నిండి, శనివారం రేటు తగ్గుతుంది. గది శుభ్రం, కానీ రెండు సూట్‌కేసులు తెరిస్తే నిలబడే చోటు ఉండదు. బాత్రూం గడప అమ్మ మోకాలంత ఎత్తు, ముందే అడిగి ఉంటే బావుండేది. కౌంటరు దగ్గర చిన్న టెన్షన్. విదేశీ ముఖం కాబట్టి ఇద్దరి పాస్‌పోర్టులూ కావాలన్నారు. జపాన్‌లో అడ్రసు లేని విదేశీయులకే ఆ నియమం. అమ్మకి సరే, నాకు అక్కర్లేదు. పదినిమిషాలు వాదించాక మేనేజరు వచ్చి తలవంచి క్షమాపణ చెప్పాడు. చుట్టూ ఇంతమంది విదేశీయులు బతుకుతున్న చోట కూడా కౌంటరు పిల్లాడికి అది తెలియకపోవడం నాకు మింగుడు పడలేదు.

భోజనం నేపాలీలు నడిపే 'ఇండియన్' హోటల్లో. జపాన్‌లో ఇండియన్ రెస్టారెంట్లు చాలామటుకు వాళ్లవే. మంచం దుప్పటంత నాన్ వస్తుంది. అమ్మ అన్నం అడిగితే జిగురు జపాన్ బియ్యం పెట్టారు. ఆమె ముఖం చూసి ఓనరు లోపలికెళ్లి, పనివాళ్ల కోసం వండుకున్న బాస్మతి, పప్పు, ముల్లంగి పచ్చడి పట్టుకొచ్చాడు. దానికి బిల్లు వెయ్యలేదు. మీరూ వెళ్తే మెనూ పక్కన పెట్టి, మీరేం తింటున్నారని అడగండి.

ఆదివారం తతెబయషి. ఎండలకి పేరుపడ్డ ఊరు, వాళ్ల రెంటచింతల అనుకోండి. నవంబరులో హాయిగా ఉంది. టీ కెటిల్‌గా మారిన తనూకి (నక్కలాంటి జంతువు) కథకి పేరున్న మోరింజి గుడి దారి పొడుగునా ఆ జంతువు బొమ్మలే. పిల్లలుంటే తీసుకెళ్లొచ్చు, మాకు ఇరవై నిమిషాలు చాలింది. స్టేషను దగ్గరి పిండి మిల్లు మ్యూజియం అమ్మకి గుడికంటే నచ్చింది. మయన్మార్ నుంచి పారిపోయి వచ్చి జపాన్‌లో ఉన్న రోహింగ్యా ముస్లింల్లో ఎక్కువమంది, 200కి పైగా, ఈ ఊళ్లోనే ఉంటారు. హలాల్ కొట్టులో ఖర్జూరాలు కొంటూ మాట కలిపితే, కొట్టాయన చుట్టాలు హైదరాబాద్ బాలాపూర్‌లోని రోహింగ్యా బస్తీలో ఉన్నారని తేలింది. నేను చదువుకునే రోజుల్లో ఆ పక్కనుంచి ఎన్నిసార్లు వెళ్లానో, ఒక్కసారీ ఆగలేదు. ఆ మాట ఆయనతో అనలేదు.

వెళ్లాలనుకునేవాళ్లకి నా మాట: శనివారం పొద్దున్నే బయల్దేరి, ఓయిజుమిలో సాయంత్రం వరకూ ఉండి, ఓటాలోనో తతెబయషిలోనో పడుకోండి. వారం మధ్యలో జనమంతా ఫ్యాక్టరీలోనే ఉంటారు, వీధులు ఖాళీ. ఇళ్ల ముందు ఫొటోలు తీయకండి, ఒకరిద్దరు మొహం తిప్పుకోవడం చూశాను. సాంబా డాన్సులు, పసుపు ఆకుపచ్చ బ్రెజిల్ జెండాలు చూడాలనుకుంటే నిరాశ పడతారు.

తిరుగు రైల్లో అమ్మ ఒళ్లో సంచి. అందులో కర్రపెండలం పిండి మూడు ప్యాకెట్లు. బ్రెజిల్‌లో పండి, ఓడెక్కి జపాన్ వచ్చిన పిండిని పెద్దాపురం తీసుకెళ్తానంటుంది. "మీ ఊళ్లో దొరికేదేగా అమ్మా, బరువు" అన్నాను. "మన మిల్లాయనకి చూపించాలిరా. ఇంత మెత్తగా ఎలా ఆడారో కనుక్కుంటాడు" అని, ధర రాసిన స్టిక్కరు గోటితో జాగ్రత్తగా గీకడం మొదలుపెట్టింది.