సీరం దాచడానికి ఏది మేలు: ఫ్రిజ్, మైనస్ 20, మైనస్ 80?

ముందు ఒక మాట. తీసిన రక్తాన్ని తీసినట్టే డీప్ ఫ్రీజర్‌లో పెట్టకూడదు. ఎర్రకణాలు పగిలి హిమోగ్లోబిన్ అంతా సీరంలో కలిసిపోతుంది. గడ్డకట్టనిచ్చి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పైన తేరిన సీరం వేరు చేశాకే ఈ పోలిక.

రెండు మూడు రోజుల్లో పరీక్ష అయిపోతుందంటే చాలావాటికి ఫ్రిజ్ సరిపోతుంది. 2 నుంచి 8 డిగ్రీల మధ్య అల్బుమిన్, ఇమ్యునోగ్లోబులిన్లు (యాంటీబాడీలు) లాంటి ప్రొటీన్లు నిలకడగానే ఉంటాయి. కానీ ఎల్‌డీహెచ్ ఎంజైముకు చలి పడదు. అందులో ఎల్‌డీహెచ్-4, ఎల్‌డీహెచ్-5 అనే రకాలు ఫ్రిజ్‌లో కన్నా బల్ల మీదే బాగుంటాయి. క్రయోగ్లోబులిన్ల సంగతి ఇంకా తమాషా. హెపటైటిస్ సి ఉన్న కొందరిలో కనిపించే ఈ ప్రొటీన్లు చల్లబడితే ముద్దకడతాయి. సీరం వేరు చేయకముందే ట్యూబును ఫ్రిజ్‌లో పెట్టారా, గడ్డతో పాటే అవీ పోతాయి, రిపోర్టులో 'లేవు' అని వస్తుంది. అందుకే ఆ రక్తాన్ని సీరం తీసేదాకా 37 డిగ్రీల దగ్గరే ఉంచుతారు.

నెలల తరబడి దాచాలంటే చిన్న ల్యాబుల్లో ఎక్కువగా దొరికేది మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్. చూడ్డానికి రాయిలా ఉంటుంది గానీ, ఉప్పునీరు పూర్తిగా గట్టిపడేది దాదాపు మైనస్ 21 దగ్గర. ఆ ఒక్క డిగ్రీ తేడాతో మంచు మధ్య చిక్కటి ఉప్పునీరు మిగిలి, ప్రొటీన్లు అందులో ఊరుతుంటాయి. ఆవకాయ ముక్కకు అది మంచిదే, ఎంజైముకు కాదు. ఇళ్లలో వాడే ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్ అయితే మరీ కష్టం. మంచు పేరుకోకుండా అది మధ్యమధ్యలో వేడెక్కుతుంది, శాంపిల్ అంచులు కరిగి మళ్లీ గడ్డకడతాయి.

నా ఓటు మైనస్ 80కే. ఖరీదు ఎక్కువ, కరెంటు పోతే టెన్షన్ కూడా. అయినా సీరం అంతా ఒకే ట్యూబులో పోసి పెడితే ఆ ఖర్చు దండగ. ప్రతి పరీక్షకూ మొత్తం కరిగించి మళ్లీ గడ్డకట్టించాల్సి వస్తుంది. అర ఎం.ఎల్. చొప్పున పంచి పెట్టుకోవాలి.

కరిగించే తీరూ చూసుకోవాలి. ఉదాహరణకు సీరం కాకుండా ప్లాస్మా, అంటే గడ్డకట్టనివ్వకుండా వేరు చేసిన రక్తద్రవం. రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ఫ్యాక్టర్ 8 అనే ప్రొటీన్ పరీక్ష కోసం దాచిన నీలం మూత ట్యూబు ప్లాస్మాను 37 డిగ్రీల నీళ్లలో త్వరగా కరిగించాలి. ఫ్రిజ్‌లో మెల్లగా కరిగిస్తే ఆ ఫ్యాక్టర్ తెల్లగా అడుగుకు దిగుతుంది. 1964లో అమెరికాలో జుడిత్ పూల్ ఈ గుణాన్నే పట్టుకుని హిమోఫీలియా (రక్తం సరిగా గడ్డకట్టని జబ్బు) రోగుల కోసం ఆ అడుగుకు దిగిన పదార్థాన్ని, అంటే క్రయోప్రెసిపిటేట్‌ను, తీసే పద్ధతి చూపారు. మన ట్యూబులో అదే జరిగి, పైనున్న ప్లాస్మా మాత్రమే తీసి పరీక్షిస్తే, ఫ్యాక్టర్ 8 తక్కువని రిపోర్టు వస్తుంది.