గుడ్డి దీపం, గుడి దీపం

నా మొదటి కథల పుస్తకం ఆఫ్‌సెట్‌లో, అంటే ప్లేట్లు చేసి ఒకేసారి పెద్దమొత్తంలో అచ్చేసే పద్ధతిలో, 1000 కాపీలు వేయించాను. విజయవాడ ఏలూరు రోడ్డు పుస్తకాల షాపులకి కమీషన్ మీద ఇవ్వగా మిగిలిన కట్టలు మంచం కింద చేరి, రెండో వానాకాలానికి చెదల పాలయ్యాయి. అందుకే రెండో పుస్తకానికి ప్రింట్ ఆన్ డిమాండ్ అనగానే ఎగిరి గంతేశాను. నాలుగేళ్లయింది. ఆర్డరొస్తేనే అచ్చన్నది అందరికీ తెలిసిందే. నన్ను పడేసింది అది కాదు, తప్పు దిద్దుకునే వీలు.

ఆఫ్‌సెట్‌లో 16 పేజీల ఫారం అచ్చయిపోయాక తప్పు కనబడితే, చివర తప్పొప్పుల పట్టిక అంటించి పాఠకులకి దండం పెట్టడమే. ఇక్కడ పీడీఎఫ్ మార్చి పంపితే ఆ తర్వాతి కాపీ నుంచే కొత్త పాఠం.

నా కథలు యూనికోడ్ కాని ‘అను’ ఫాంట్లలో టైపు చేయించినవి. ఏ కంప్యూటర్లోనైనా చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చినప్పుడు అక్కడక్కడా ఒత్తులు ఎగిరిపోయాయి. పూరిపాకలో ‘గుడ్డి దీపం’ అని నేను రాస్తే ‘గుడి దీపం’ అని పడింది. మూడుసార్లు ప్రూఫు చూసినా కంటికి ఆనలేదు, అదీ మాటే కదా మరి! 30 కాపీలు వెళ్లాక చూసుకుని రాత్రికి రాత్రి దిద్ది పంపాను. హాయిగా నిద్రపట్టింది.

జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవంలో రిటైరైన తెలుగు మాస్టారొకరు నన్ను ఆపారు. “ఒక్క మాటతో పాకని గుడి చేసేశారండీ!” అన్నారు. నేను ముసిముసిగా నవ్వి ఊరుకున్నాను. ఆయన పక్కనున్న స్నేహితుడికి చూపిద్దామని స్టాల్లోని నా పుస్తకం కాపీ తీశారు. అందులో గుడ్డి దీపం! తన సంచిలోని కాపీ తీసి పక్కన పెట్టారు. పుస్తకానికిచ్చే గుర్తింపు సంఖ్య ఐఎస్‌బీఎన్ ఒకటే, ముద్రణ సంవత్సరం ఒకటే. ఇక దాచలేక జరిగింది చెప్పాను. ఆయన కాసేపు రెండూ చూసి, “నాది మాత్రం మార్చమనకండి” అని తన కాపీ సంచిలో పెట్టుకున్నారు.

ఆ తర్వాత కూడా దిద్దుతూనే ఉన్నాను, ఇప్పటికి ఏడుసార్లు. ఎవరి చేతిలో ఏ పాఠం ఉందో నాకే తెలీదు. పైగా ఎలాగూ మార్చుకోవచ్చులే అన్న ధీమాతో ప్రూఫు చూడ్డంలో బద్ధకం పెరిగింది. ఈమధ్యే బుద్ధొచ్చి, రెండో పేజీలో దిద్దిన తేదీ వేయిస్తున్నాను.

బైండింగు సంగతి కూడా చెప్పాలి. కుట్టు ఉండదు, జిగురే. మే నెలలో కారులో మర్చిపోయిన కాపీ తెరిస్తే పేజీలు చేతికొచ్చాయి. కాపీకి పడే ఖర్చూ ఆఫ్‌సెట్‌కి రెట్టింపు పైమాటే.

నా పుస్తకం ఏడాదికి 60, 70 కదిలితే గొప్ప. పెన్షనుంది కాబట్టి రచనతో ఇల్లు గడవక్కర్లేదు. అలాంటి నాకు ఇదే నయం. సభలు పెట్టి వెయ్యి అమ్ముకోగలవాళ్లు ఆఫ్‌సెట్ వదలక్కర్లేదు. మా ఇంట్లో మాత్రం మంచం కింద ఇప్పుడు బియ్యం మూటలు పెట్టుకుంటున్నాం.