బోర్డు లేని బొమ్మల కొట్టు, కొండపల్లి

సంక్రాంతి కొలువులో ఏటా ఒక్క కొత్త బొమ్మయినా ఉండాలన్నది మా అత్తగారు పెట్టిన లెక్క. అందుకని విజయవాడ నుంచి ఏడాదికోసారి కొండపల్లి బొమ్మల కాలనీకి పోతుంటాను. నేను కొనే కొట్టుకు బోర్డు కూడా లేదు. ముందు గదిలో అరలు, వెనక పంచలో పని. చెక్కేది ఆయన, రంగులు దిద్దేది ఆవిడ.

2021 సంక్రాంతికి వెళ్తే అరలన్నీ నిండుగా ఉన్నాయి. సంబరపడబోయాను. "నిరుడు చేసినవేనండీ, కొనేవాళ్లేరీ?" అంది ఆవిడ. కరోనా దెబ్బకి ఖిల్లా చూడ్డానికొచ్చే బస్సుల్లేవు, ఎగ్జిబిషన్లు లేవు. 2020 ఆగస్టులో ప్రధాని మన్ కీ బాత్‌లో కొండపల్లి పేరెత్తారని మా వాట్సాప్ గ్రూపులు మోగిపోయాయి గానీ, ఆ గదిలో దశావతారాల మీద దుమ్ము అలాగే ఉంది. అట్లాంటి రోజున కూడా నేను నోటి అలవాటు కొద్దీ ఎడ్లబండి దగ్గర యాభై తగ్గించమన్నాను. తగ్గించింది. కొలువులో ఆ బండి సర్దినప్పుడల్లా ఆ యాభయ్యే గుర్తొస్తుంది.

ఇప్పుడు కొట్టు కళే వేరు. వాళ్లబ్బాయి ఫోన్లో ఫొటోలు పెట్టి ఆర్డర్లు పడుతున్నాడు. గుమ్మంలో హైదరాబాద్, బెంగళూరు పార్సిళ్లు. అయినా వెళ్లి చూసి కొనడమే నాకిష్టం. తెల్ల పొణికి కర్ర ముక్క చేతిలో పెడితే బరువే తెలీదు. ఏనుగు ఒళ్లు ఒక ముక్క, తొండం వేరు, చెవులు వేరు. చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. ఆరాక నునుపు చేసి, సుద్ద పూసి, అప్పుడు రంగు. ఆవిడ మావటికి కళ్లు దిద్దుతుంటే నేను బేరం మాటే మర్చిపోయాను. ఊపిరి బిగబట్టి రెండు చుక్కలు, అంతే, వాడు నావైపు చూశాడు.

పార్సిల్ కట్టడం మాత్రం ఇంకా రాలేదు వీళ్లకి. నిరుడు మా చెల్లెలికి పంపించిన అంబారీ ఏనుగు మావటి చెయ్యి విరిగి చేరింది. పాత పేపరు ఒక్క చుట్టు చుట్టారట! కొత్తది పంపారు, కాదనను. ఈలోగా పండగ దాటిపోయింది. ఇంకోటి, ఎనామిల్ రంగులవీ సహజ రంగులవీ ఒకే అరలో కలిపి పెడుతున్నారు. బొమ్మ నోట్లో పెట్టుకునే పిల్లలుంటే అడిగి తీసుకోండి. ధర చీటీలు ఎలాగూ ఉండవు.

ఈసారి తాటిచెట్టెక్కే గీత కార్మికుణ్ణి కొన్నాను, అడిగినంతా ఇచ్చి. ఈ కొట్టుకి నా రేటింగు ఐదుకి నాలుగు చుక్కలు. ఆ ఒక్కటీ మావటి చెయ్యి ఖాతాలో కోశాను.

వెళ్లేవాళ్లు పొద్దున్నే ఖిల్లా ఎక్కి ఎండ ముదరకముందే దిగి, అప్పుడు కాలనీకి రండి. చిల్లర ఉంచుకోండి. ఫోన్‌పే ఉంది గానీ ఆ పంచలో సిగ్నల్ అందదు, వీధిలోకొచ్చి ఫోను పైకెత్తి నిలబడాలి.